మన ముఖాల వెనుక భీమిలి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, తమ ఇంటి ఆల్బములను నమ్మకంతో నా చేతుల్లో పెట్టిన కుటుంబాలవారికి ముందుగా కృతజ్ఞతలు. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది భీమునిపట్నం, అంటే మనం భీమిలి అని పిలుచుకునే ఊరి గురించి. ఇంకొంచెం సరిగ్గా చెప్పాలంటే, హైదరాబాదు కుటుంబాలు సెలవులకు భీమిలి వెళ్ళి అక్కడ తీసుకున్న ఫోటోల గురించి. మా ఇంటి ఆల్బములతో మొదలైన ఈ సేకరణలోకి తరువాత బంధువులవీ, ఇరుగుపొరుగువారివీ వచ్చి చేరాయి. వాటిలో ఏ ఒక్కటీ ఊరిని చూపించాలని తీసినది కాదు. అమ్మమ్మ, మేనత్త, పెళ్ళయిన కొత్తలో అన్నావదినలు, నిక్కరు తడిసి ఏడుస్తున్న పిల్లవాడు, వీళ్ళే వాటిలో ముఖ్యులు. సముద్రం వీళ్ళ వెనకాల ఎక్కడో ఉంటుంది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ ముఖాలను కాసేపు పక్కన పెట్టి వెనకున్నదాన్ని చూస్తే, ఒక తీరపు ఊరు ఇన్నేళ్ళలో ఎలా మారిందో చెప్పే సాక్ష్యం మన బీరువాల్లోనే ఉంది. అయితే ఆ సాక్ష్యాన్ని జాగ్రత్తగా చదవాలి, లేకపోతే అది మన చేత అబద్ధం చెప్పిస్తుంది.

సముద్రం లేని నగరం మనది. ట్యాంక్‌బండ్ మీది సాయంత్రపు గాలితో సర్దుకునే మనకు, బడులకు సెలవులివ్వగానే తూర్పుతీరం మీదికి మనసు పోయేది. 1974లో గోదావరి ఎక్స్‌ప్రెస్ మొదలైన తరువాత, సాయంత్రం హైదరాబాదులో ఎక్కి, పులిహోర పొట్లం విప్పి, తెల్లవారేసరికి వాల్తేరులో, అంటే ఇప్పటి విశాఖపట్నం స్టేషనులో, దిగడం మధ్యతరగతికి అలవాటైన ప్రయాణమైంది. విశాఖ బీచిలో ఒక పూట గడిపి, బస్సులోనో అద్దె కారులోనో తీరం వెంబడి పాతిక ముప్పై కిలోమీటర్లు ఉత్తరంగా వెళితే భీమిలి. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల పక్కగా దిగి వచ్చే గోస్తని అక్కడ సముద్రంలో కలుస్తుంది. పదిహేడవ శతాబ్దంలో డచ్చివారు వర్తకానికి వచ్చి స్థిరపడిన రేవు అది. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన పట్నం. మన పెద్దలు కెమెరాలు పట్టుకుని వెళ్ళేనాటికి ఆ రేవు వైభవం ఎప్పుడో ముగిసింది. ఓడలు లేవు, గోదాములు కూలిపోతున్నాయి, మధ్యాహ్నమైతే వీధుల్లో మనిషి అలికిడి ఉండేది కాదు. మనకు నచ్చింది బహుశా ఆ నిద్రమత్తే. అక్కడ బతుకుతెరువు వెతుక్కునేవారికి అది అంతగా నచ్చి ఉండదని మాత్రం నాకు గట్టి అనుమానం.

ఇప్పుడు తెర మీద కనిపిస్తున్న చదరపు ఫోటో చూడండి. ఆగ్ఫా క్లిక్ 3 లాంటి పెట్టె కెమెరాతో తీసినది. ఒక రోలుకు పన్నెండు బొమ్మలు మాత్రమే వచ్చేవి కనుక ప్రతి బొమ్మకూ అందరూ ఊపిరి బిగబట్టి నిలబడేవారు. నేత చీర కట్టుకున్న ఒకావిడ చెప్పులు చేత్తో పట్టుకుని ఉన్నారు. పక్కన నాలుగైదేళ్ళ పిల్ల ఒక దుంగ మీద కూర్చుని ఉంది. ఆ దుంగ ఏమిటని ఈ తరం పిల్లలను అడిగితే, కొట్టుకొచ్చిన చెట్టుమొద్దు అన్నారు. కాదు, అది తెప్ప. ఇంకా చెప్పాలంటే తెప్పలో ఒక భాగం. తెప్ప అంటే తేలిక కలప దుంగలు కొన్నింటిని తాళ్ళతో జోడించి కట్టినది. దానికి మేకు ఉండదు, అడుగు పలక ఉండదు, నీళ్ళు లోపలికి రాకూడదన్న పట్టింపే ఉండదు. చేపల వేట ముగించి ఒడ్డుకు రాగానే కట్లు విప్పి దుంగలను విడివిడిగా ఇసుక మీద ఆరబెట్టేవారు, ఎందుకంటే నీరు పట్టిన దుంగ బరువెక్కి మర్నాటికి తేలదు. ఫోటోను పెద్దది చేసి చూస్తే ఆ పిల్ల కూర్చున్న దుంగకు అవతల మరో రెండు, వాటి మీద చుట్టలు చుట్టిన తాడు, ఇసుకలో దుంగను ఈడ్చిన చాలు కనిపిస్తాయి. ఆ చాలు ఇంకా చెదరలేదు, అలలు తాకలేదు. అంటే వేటగాళ్ళు వచ్చి ఎంతోసేపు కాలేదు. నీడలు పొట్టిగా ఉన్నాయి. అర్ధరాత్రి దాటాక వేటకు వెళ్ళి, ఎండ ముదిరే వేళకు తిరిగి వచ్చిన మనుషులు ఆ చట్రానికి అవతల ఎక్కడో వలలు దులుపుకుంటూ ఉండి ఉంటారు. కెమెరా వారి వైపు తిరగలేదు.

అదే ఒడ్డున 1990లలో తీసిన రంగు ఫోటోల్లో దుంగలు అరుదైపోతాయి. వాటి చోట నీలం, ఎరుపు, పసుపు రంగులు పూసిన ఫైబరు బోట్లు, వెనక భాగాన వేలాడే మోటార్లు. మంచి తేలిక కలప దొరకడం కష్టమై ఖరీదు పెరగడం ఒక కారణమైతే, మోటారు ఉన్నవాడు ఇంకా దూరం పోయి ముందే చేపతో వెనక్కి రాగలగడం మరో కారణం. వలల్లోనూ ఆ మార్పే కనిపిస్తుంది. పాత నూలు వలలు కుళ్ళకుండా చెట్ల బెరడు కషాయంలో నానబెట్టేవారు కాబట్టి అవి నలుపు తెలుపు ఫోటోలో కూడా ముదురుగా, బరువుగా పడతాయి. తరువాతి నైలాను వలలు పొగమంచు కుప్పలా పల్చగా పడతాయి. ఇదంతా పరిశోధన కోసం ఎవరో తీసిపెట్టిన చిత్రమాలిక అనుకోకండి. మా పెద్దమ్మ పిల్లల పుట్టినరోజులూ, పొరుగింటివారి పెళ్ళిరోజులూ వరుసగా పేర్చితే బయటపడిన చరిత్ర.

రంగు ఫోటోల దగ్గర కొంచెం ఆగుదాం. ఇది 1980ల తొలినాళ్ళ ఫోటో. చీర ఎర్రగా, ఇసుక ఎర్రగా, ఆకాశం గులాబీ రంగులో, సముద్రం కూడా ఎర్ర జీరతో ఉన్నాయి. ఆ సాయంత్రం సముద్రం ఎర్రబడలేదు. ఆనాటి రంగు కాగితంలో మూడు రంగు పొరలు ఉండేవి. చీకట్లో, ఆల్బములో మూసిపెట్టి ఉంచినా వాటిలో నీలి ఆకుపచ్చ పొర తక్కిన రెండింటికంటే తొందరగా వెలిసిపోయేది. అది పోగా మిగిలినది ఎరుపు. గోడకు వేలాడదీసి వెలుతురు తగిలిన ఫోటో మరోలా వెలుస్తుంది, అందుకే ఒకే రోలులోంచి తీసిన రెండు ప్రతులు ఇప్పుడు రెండు వేర్వేరు సాయంత్రాల్లా కనిపిస్తాయి. పాత రోజులు బంగారు వన్నెలో ఉండేవని మనలో చాలామందికి ఒక భ్రమ ఉంది. అందులో కొంత వాటా ఈ రసాయనాలదే.

ఈ ఎరుపు మనల్ని అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది ఎర్రమట్టి దిబ్బల దగ్గర. విశాఖ, భీమిలి మధ్య తీరాన్ని ఆనుకుని ఉన్న ఆ దిబ్బలు వేల ఏళ్ళుగా గాలీ నీరూ పోగుచేసిన ఇసుక. ప్రతి రేణువునూ ఇనుప తుప్పు పొరలా కప్పడం వల్ల వాటికి ఆ రంగు. వాన నీరు కోసిన లోతైన గండ్లలో దారి తప్పినట్టు తిరగవచ్చు. ఇటువంటివి దక్షిణాసియాలో ఇక్కడ కాక తమిళనాడులోని తేరి ఇసుకల్లోనూ శ్రీలంకలోనూ మాత్రమే చెప్పుకోదగినంతగా ఉన్నాయి. మన భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. నలుపు తెలుపు ఫోటోల్లో ఆ దిబ్బలు ఏ గోదావరి ఇసుక మేటనో అనిపించేంత మామూలుగా ఉంటాయి. ఎర్రబారిన రంగు ఫోటోల్లోనేమో దిబ్బా, దాని మీద నిలబడ్డ మావయ్యా, ఆయన తెల్ల చొక్కా అన్నీ ఒకటే రంగు. వాటి నిజమైన ఎరుపు, పక్కనున్న జీడిమామిడి ఆకుపచ్చకు ఎదురుగా నిలిచే ఆ ఎరుపు, మా సేకరణలో డిజిటల్ కెమెరాలు వచ్చాకే దొరికింది. అప్పటికి దిబ్బల అంచుల్లో కట్టడాలూ రోడ్లూ మొదలయ్యాయి. రంగు సరిగ్గా పట్టే కెమెరా వచ్చేనాటికి రూపం తగ్గడం మొదలైంది. నాకు ఈ సేకరణ మొత్తంలో అన్నిటికంటే బాధ కలిగించిన విషయం ఇదే.

ఇక ఇసుక వెడల్పు. ఆల్బము చూపించిన ప్రతి ఇంట్లోనూ వినిపించిన మాట, "అప్పట్లో బీచి ఎంత వెడల్పుగా ఉండేదో! సముద్రం ముందుకు వచ్చేసింది" అని. ఉండవచ్చు. కానీ ఒక్క ఫోటోతో ఆ మాట తేల్చడం కుదరదు, ఎందుకో వివరంగా చెబుతాను. విశాఖ తీరంలో అమావాస్య, పున్నమి రోజుల్లో పోటుకూ ఆటుకూ మధ్య నీటిమట్టంలో సుమారు ఒకటిన్నర మీటరు తేడా ఉంటుంది. ఇసుక వాలు ఇరవై అడుగులకు ఒక అడుగు చొప్పున దిగుతుందనుకుంటే, ఆ ఒకటిన్నర మీటరు తేడాకు నీటి అంచు ముప్పై మీటర్లు వెనక్కీ ముందుకూ జరుగుతుంది. పొద్దున తీసిన ఫోటోనూ మధ్యాహ్నం తీసిన ఫోటోనూ పక్కపక్కన పెట్టి, మధ్యలో ఇరవై ఏళ్ళు గడిచాయి గనుక సముద్రం ముందుకు వచ్చిందంటే ఎలా? మాఘ పున్నమికీ కార్తీక పున్నమికీ సముద్ర స్నానాలకు వెళ్ళినవారి ఫోటోల్లో ఈ చిక్కు మరీ ఎక్కువ, అవి పెద్ద పోట్ల రోజులే కాబట్టి.

దీనికి తోడు నెలల తేడా ఉంది. ఆంధ్రతీరం వెంబడి సముద్రమట్టం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో అన్నిటికంటే తక్కువగానూ, అక్టోబరు, నవంబరు నెలల్లో అన్నిటికంటే ఎక్కువగానూ ఉంటుంది. గాలులూ, తీరం వెంట నడిచే ప్రవాహాలూ, వానాకాలం తరువాత నదులు తెచ్చి పోసే మంచినీరూ కలిసి ఆ కొన్ని పదుల సెంటీమీటర్ల తేడాను తెస్తాయి. ఇప్పుడు మన సెలవుల సంగతి ఆలోచించండి. మా సేకరణలో పాత ఫోటోలు ఎక్కువగా వేసవి సెలవులవి, పిల్లల పరీక్షలు కాగానే బయలుదేరినవి. తరువాతి కాలంలో వేసవి అంటే కోచింగులూ, ఎండ భయమూ. ప్రయాణాలు దసరాకు మారాయి. కాబట్టి పాత ఫోటోల్లో నీరు తగ్గి ఉన్న ఋతువు, కొత్త ఫోటోల్లో నీరు పెరిగిన ఋతువు. సముద్రం కాలు కదపకపోయినా, ఆల్బము మాత్రం అది ముందుకు వచ్చిందనే చెబుతుంది. ఈ కారణంగా నేను ఒకే నెలలో తీసినవని నిర్ధారణ అయిన ఫోటోలను మాత్రమే జతచేసి చూస్తాను. నీటి అంచును నమ్మను. పోటు వచ్చి పోయినచోట నాచూ పుల్లలూ గవ్వలూ వరుసగా మిగిల్చే చెత్త గీతను నమ్ముతాను. 1991 ఫిబ్రవరిలో వచ్చిన తీర నియంత్రణ ప్రకటన పోటు గరిష్ఠ రేఖ నుంచి 500 మీటర్ల వరకూ నిర్మాణాలను అదుపు చేసింది. ఆ రేఖ ఎక్కడుండేదన్న వివాదం వచ్చినప్పుడు మన తాతగారి పంచె అంచు దగ్గర కనిపించే ఆ చెత్త గీతకు ఎంత విలువ ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇంత జాగ్రత్త పడ్డాక కూడా మార్పు కచ్చితంగా కనిపించే చోటు ఒకటుంది. అది భీమిలి కాదు, దారిలో మనం ఒక పూట ఆగిన విశాఖ రామకృష్ణా బీచి. తూర్పుతీరంలో ఏడాదిలో ఎక్కువ నెలలు కెరటాలు నైఋతి దిక్కు నుంచి వచ్చి ఇసుకను ఉత్తరానికి నడిపిస్తాయి. 1970లలో డాల్ఫిన్ నోస్ కొండ దగ్గర బయటి ఓడరేవు కోసం సముద్రంలోకి కట్టిన అడ్డుగోడలు ఆ ఇసుకను దక్షిణం పక్కనే ఆపేశాయి. రావలసిన ఇసుక రాక, ఉన్న ఇసుక పోతూ, ఉత్తరాన ఉన్న నగరపు బీచి సన్నబడింది. అందుకే ఓడరేవువారు ఆగిన ఇసుకను తోడి బీచికి పోయడం ఏళ్ళ తరబడి సాగుతున్న పని. బీచి గోడను చూపించే ఫోటోల్లో గోడ కింద మెట్లెన్ని బయటపడ్డాయో లెక్కపెడితే ఇసుక ఎంత దిగిందో తెలుస్తుంది. నిలబడ్డవారి వయసు చూసి ఏ దశాబ్దమో అంచనా వేయవచ్చు.

కాలాన్ని పట్టించే గుర్తులు ఇంకా ఉన్నాయి, త్వరగా చెప్పి ముందుకు పోతాను. స్టేషను బోర్డు మీద వాల్తేరు అని ఉంటే అది 1987కు ముందు. స్కూటరు నంబరు ఏపీ 31తో మొదలైతే 1989 తరువాత. విశాఖ బీచిలో కుర్సురా జలాంతర్గామి కనిపిస్తే 2002 తరువాత. చొక్కా కాలరు, అద్దాల ఫ్రేము, నారింజ రంగులో మూలన పడే తేదీ అంకెలు కూడా పనికివస్తాయి గానీ, ఆ తేదీ అంకెలను గుడ్డిగా నమ్మకండి, బ్యాటరీ మార్చినప్పుడల్లా సరిచేసే ఓపిక ఎవరికీ ఉండేది కాదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. దానికి ముందూ తరువాతా భీమిలి దారిలో తీసిన ఫోటోలు మా దగ్గర ఉన్నాయి. ముందు ఫోటోలో రోడ్డుకు ఒక పక్క సరుగుడు తోపు ఎంత దట్టంగా ఉందంటే దాని వెనక సముద్రం ఉందని చెబితే తప్ప తెలియదు. తరువాతి ఫోటోలో సరుగుళ్ళన్నీ ఒకే దిక్కుకు విరిగి ఉన్నాయి, సముద్రం రోడ్డు మీదికే కనిపిస్తోంది. కొందరు దాన్ని చూసి "వ్యూ బాగా వచ్చింది" అన్నారు. నేను వారిని తప్పుపట్టను. ఆల్బము తిప్పేవాడి కన్ను అంతవరకే పోతుంది.

ఆ మాటకు వస్తే, ఈ ఫోటోల్లో ఎవరు లేరన్నది కూడా చూడాలి. భీమిలివాసులు మన ఫోటోల్లో ఉన్నారు, అయితే వెనకగా, దూరంగా, వల లాగే వరుసలో ఒక వెన్నుగానో, నెత్తి మీద చేపల గంప ఉన్న ఒక ఆకారంగానో. వారి సొంత ఫోటోలు ఎలా ఉంటాయని అడిగి, ఒప్పుకున్న కొన్ని ఇళ్ళల్లో చూశాను. గోడకు వేలాడే ఫోటో సముద్రం దగ్గర తీసినది కాదు. బస్టాండు దగ్గరి స్టూడియోలో, చొక్కా పైబొత్తాం పెట్టుకుని, వెనక రంగులేసిన తెర ముందు తీయించుకున్నది. ఆ తెర మీద పూలతోటా, మెట్లూ, పాలరాతి స్తంభాలూ. కొత్త దంపతుల వెనక ఒక తెర మీద మంచుకొండలు కూడా ఉన్నాయి. రోజూ చూసే సముద్రం ముందు నిలబడి ఫోటో దిగాలన్న ఆలోచన వారికి ఎందుకు వస్తుంది? చార్మినారు పక్క గల్లీలో పుట్టి పెరిగినవారి ఆల్బములో చార్మినారు ఎన్నిసార్లు ఉంటుందో మీరే చూసుకోండి. ఈ కారణంగా, భీమిలి తీరపు మార్పును చూపించే చిత్రాల్లో ఎక్కువ భాగం బయటివారు తీసినవే. ఆ ఊరు పాడైపోయిందని మనం అనడానికి ముందు, పాడు కావడమంటే ఎవరికి అన్న ప్రశ్న వేసుకోవాలి. ఫైబరు బోటు మన ఫోటో అందాన్ని తగ్గించి ఉండవచ్చు. దాని మీద వేటకు పోయేవాడు తెప్ప రోజులు తిరిగి రావాలని కోరుకోవడం నేను వినలేదు. డచ్చి సమాధుల మీద ఎక్కి కూర్చుని మనం తీసుకున్న ఫోటోలు కూడా ఇక్కడ ఉన్నాయి. పదిహేడవ శతాబ్దపు రాతల మీద చెప్పుల కాళ్ళు. ఆ అలంకారపు కట్టడాల సున్నం రాలిన క్రమమూ ఆ ఫోటోల్లోనే నమోదై ఉండడం విడ్డూరం.

ఇప్పుడు పనికివచ్చే మాటలు కొన్ని. నల్లటి అట్టల మీద మూలలు తొడిగి పెట్టిన పాత ఆల్బములు గట్టివి, వాటిని కదపకండి. ప్రమాదమంతా 1980లలో ఇష్టపడి కొన్న, ప్లాస్టిక్ పొర కింద జిగురు ఉండే ఆల్బములతో. ఆ జిగురు పసుపు పచ్చబడి ఫోటోను పట్టేస్తుంది. గోళ్ళతో పీకితే మధ్యకు చిరుగుతుంది. సన్నటి నైలాను దారం ఫోటో వెనక దూర్చి రంపంలా మెల్లగా లాగండి, రాకపోతే ఆ పేజీని అలాగే స్కాన్ చేయండి. విడదీసే ముందు పేజీ మొత్తాన్ని ఒకసారి ఫోటో తీసుకోండి, ఏ బొమ్మ పక్కన ఏది ఉందన్నది కూడా సమాచారమే. ప్రింటును అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే చాలు. నెగటివు ఉంటే ప్రింటును వదిలి నెగటివునే పట్టుకోండి. తెప్ప తాళ్ళ లాంటి వివరాలు అందులోనే ఉంటాయి. నలుపు తెలుపు ప్రింటు మీద గోధుమరంగు మరకలుంటే అది బొమ్మను నిలిపేందుకు వాడే హైపో అనే రసాయనాన్ని సరిగ్గా కడగకపోవడం వల్ల వచ్చినది, నీళ్ళకు కటకటలాడే వేసవిలో మన స్టూడియోలవారు కడుగుడు తగ్గించి ఉండవచ్చు. దాన్ని తుడవబోకండి. ఎర్రబారిన రంగును కంప్యూటరులో సరిచేసుకోండి, కానీ సరిచేయని ప్రతిని కూడా ఉంచండి. వెనక రాసిన రాత ఎంత వంకరగా ఉన్నా చెరపవద్దు. రాత లేకపోతే మెత్తటి పెన్సిలుతో రాయండి: ఎవరు అన్నది అందరూ రాస్తారు, మీరు నెల రాయండి, వీలైతే పొద్దునో సాయంత్రమో రాయండి.

మా సేకరణలో పెద్ద ఖాళీ ఒకటి ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తీసిన ఫోటో దాదాపు లేనే లేదు, వానల్లో సెలవులకు ఎవరు వెళతారు? గోస్తని నిండి నోటి దగ్గరి ఇసుక మేటను కోసుకుని సముద్రంలో పడే నెలలు అవే. ఉద్యోగరీత్యానో, పెళ్ళికో, చావుకో ఆ నెలల్లో భీమిలి వెళ్ళి, అవసరం లేకపోయినా ఒక్క బొమ్మ తీసినవారు ఈ సభలో ఉంటే, ఫోటో బాగా రాలేదని సంకోచించకుండా బయట బల్ల దగ్గర పేరు ఇచ్చి వెళ్ళండి. ఇక మీ ప్రశ్నలు అడగవచ్చు.